ముఖం తోలు, వీపు గుడ్డ

వెనకసీటు కుట్టు విడిపోయిన చోట దానయ్య రెండు వేళ్లు లోపలికి దూర్చాడు. ముద్దకట్టుకుపోయిన గుర్రపు వెంట్రుకలని సర్ది, తోలు అంచులు రెండూ ఒకదానికొకటి తగిలేలా ఎడమచేతి బొటనవేలితో నొక్కి పట్టుకుని, కుడిచేత్తో వంకరసూది గుచ్చాడు. పాత కన్నాల్లోంచే సూది పోవాలి. పక్కన కొత్త కన్నం పడిందా, ఆ గీత వెంబడి తోలు కాగితంలా చిరిగిపోతుంది. మైనం రాసిన దారం బిగించి లాగి, తర్వాతి కన్నం కోసం తడిమాడు. చూపు తగ్గాక అతను కన్నాలని వేళ్లతోనే చూస్తున్నాడు.

చైత్రం సగం కూడా కాలేదు. రాయపూర్ ఎండ అప్పుడే రేకుల షెడ్డుని పెనంలా కాల్చేస్తోంది. ఆ పెద్ద నల్ల ఆస్టిన్ కారు లోపల గాలి ఆడడం లేదు. యుద్ధానికి ముందు ఎవరో రైల్వే దొర కోసం ఓడ మీద వచ్చిన కారది. దొర దేశం వదిలిపోయాక చేతులు మారి మారి స్టేషన్ రోడ్డులో మల్లేశ్వరరావు మోటారు షెడ్డుకి చేరింది. ఇప్పుడు గుఢియారీలో బియ్యం మిల్లు ఉన్న సేఠ్ గోవర్ధన్‌లాల్ కొన్నాడు. ఒకసారి సేఠ్ ఇంటికి వెళ్లి, చిన్న చిన్న మరమ్మతులకని మళ్లీ షెడ్డుకి వచ్చింది.

"దానయ్యా, దిగు. మాటుంది," అన్నాడు మల్లేశ్వరరావు తలుపు దగ్గరకి వచ్చి.

దానయ్య సూదిని తోలులోనే వదిలి, మోకాళ్లు పట్టుకుని దిగాడు. నడుం నిటారు కావడానికి కాసేపు పట్టింది.

"ఈ సీట్లు ఏమిట్రా?"

"తవరికి తెల్సిందే గదండి బాబూ. ముఖం తోలు. ఈపూ, పక్కలూ, తలుపులూ రెగ్జిను."

"తలుపుకి ఉన్నది?"

"రెగ్జినేనండి."

"సీటు వెనకాల, అడుగున?"

"అదీ రెగ్జినే."

"మరి రెగ్జిన్ సీట్లు అంటే తప్పేముంది?"

దానయ్య తలగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. "కూకునేది ముఖం మీద గదండి."

మల్లేశ్వరరావు ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. చెడ్డవాడు కాదు. దానయ్యకి జ్వరం వస్తే క్వినైన్ కొని పంపిన మనిషి. కానీ ఈ కారు నెలల తరబడి షెడ్డులో పడి ఉండి, అతని ముఖం మీద నవ్వు లేకుండా చేసింది.

సంగతి ఇదీ. సేఠ్ ఈ కారు కొన్నది తల్లి కోసం. ఆవిడ చెల్లెలు రాజిమ్‌లో మంచం పట్టి ఉంది. కిందటేడు మిల్లు వాకిట్లో జారిపడి తుంటి విరిగాక ముసలావిడ ఎడ్లబండి కుదుపుకి ఓర్చుకోలేదు. రాజిమ్ పోయే చిన్న రైలు మెట్లు ఎక్కలేదు. కారయితే వెళ్లగలదు. కానీ ఆవిడ మడి మనిషి. గొడ్డుతోలు మీద కూర్చోదు. బేరం కుదిరే రోజున సేఠ్ ఆ సంగతే అడిగాడు. మల్లేశ్వరరావు కారు తలుపు తట్టి, రెగ్జిన్ లోపలి నేత చూపించి, "గుడ్డ సేఠ్‌జీ, అంతా గుడ్డే" అన్నాడు. సేఠ్ నమ్మాడు. తల్లి నమ్మలేదు.

"బండి అమ్మినవాడి మాట నాకొద్దు, సూది పట్టేవాణ్ణి పిలిపించండి అందిట ముసలావిడ. రేపు పొద్దున్న నాతో వస్తున్నావు. రెగ్జిన్ అని ఒక్క మాట. అంతే."

"పోనీ, ముఖం మార్చీసి కుట్టీనా బాబూ?"

"గుడ్డ నాగపూర్ నుంచి రావాలి. అది వచ్చేదాకా ఆ చెల్లెలు ఆగుతుందా?"

మల్లేశ్వరరావు అతని భుజం దగ్గరగా చెయ్యి తెచ్చి, తాకకుండానే దించేశాడు. "చీకటి పడేలోగా ఆ కుట్టు పూర్తి చెయ్యి," అని వెళ్లిపోయాడు.

దానయ్య మళ్లీ కారులోకి ఎక్కి కూర్చున్నాడు. అరచెయ్యి సీటు మీద ఆనించి ఉంచాడు. తోలు మెల్లగా చేతి వేడిని పుచ్చుకుంది. పక్కనే తలుపుకి ఉన్న రెగ్జిన్ మీద చెయ్యి పెట్టాడు. అది ఎండకి కాలి చుర్రుమంది. తోలుకి దేవుడు వేసిన కన్నాలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. రెగ్జిన్ గరుకు అచ్చు వేసింది, నాలుగు వేళ్ల దూరంలో అదే ముడత మళ్లీ వస్తుంది. ముసలిదైతే తోలు ముడతలు పడుతుంది, గుడ్డ పెచ్చులూడుతుంది. చీకట్లో వదిలినా ఏది ఏదో చెప్పగలడు. బొబ్బిలి దగ్గర పల్లెలో తాత తోళ్లు నానబెట్టేవాడు. తండ్రి రైలుపెట్టెల్లో ఫస్టుక్లాసు సీట్లు కుట్టాడు. ఇది అతను నేర్చుకున్నదని కూడా చెప్పలేడు. ముక్కుతో వాసన పట్టడం ఎప్పుడు నేర్చుకుంటాం?

రైలుపట్టాల అవతల ఇంటికి వచ్చేసరికి సూరమ్మ అప్పుడే మిల్లు నుంచి వచ్చి, జుట్టులోని తవుడు దులుపుకుంటోంది. సేఠ్ మిల్లులోనే ఆవిడ బియ్యం చెరుగుతుంది. భర్త చేతులు కడుక్కుని వచ్చి గోడకి ఆనుకుంటే, ముఖం చూసి ఏమీ అడగకుండా అన్నం పెట్టింది. ఎండుచేప కాల్చిన వాసన గుడిసె నిండా ఉంది. సగం తిన్నాక దానయ్యే చెప్పాడు.

సూరమ్మ వింటూ ముంతతో నీళ్లు అతని ముందు పెట్టింది.

"ఆ ముసలమ్మ పడిపోయినప్పుడు నాను అక్కడే ఉన్నాను," అంది. "తవుడు బస్తాల కాడ కాలు జారింది. నాను పరిగెట్టి సెయ్యందియ్యబోతే లెక్కలు రాసే మునీం అరిసినాడు, ముట్టకు ముట్టకు అని. ఆవిడ నాకాసి సూసింది. సెయ్యి పైకెత్తింది గూడా. మల్లీ దించీసుకుంది. ఇంట్లోంచి మనుసులొచ్చేదాకా ఎండలో అలగే పడుంది."

"ఏటి సెప్పమంటావే నన్ను?"

"నానేటి సెప్తాను. గుడ్డే అని సెప్పినాక రేపు తోలని తెలిస్తే మల్లీసర్రావుగారిని కొడతారేటి? నిన్నే కొడతారు. తోలోడు కావాలనే పెద్దావిడని మైల సేసినాడంటారు."

"తెల్సు."

"తోలని సెప్తే పని పోద్ది."

"అదీ తెల్సు."

"మరింక నన్నడగడం దేనికి," అంటూ ఆవిడ కంచం తీసుకుని లేచింది. గొంతులో కోపం లేదు. పొద్దుటినుంచీ చాటతో ఆడిన చేతులు గిన్నె కడుగుతున్నప్పుడు కూడా ఆ చెరిగే తూగుతోనే కదులుతున్నాయి.

మర్నాడు కారుని సేఠ్ ఇంటి ముందువాకిట్లోకి మల్లేశ్వరరావు నడుపుకుంటూ వెళ్లాడు. దానయ్య సూదుల సంచితో వెనకసందులోంచి వెళ్లి, గోశాల పక్కన నిలబడ్డాడు. దాహమంటే పనివాడు చెంబు పైకెత్తి దూరంనుంచి ధార పోశాడు. దోసిట్లో పడ్డవి తాగాడు, మిగిలినవి మోచేతుల మీంచి కారి సంచి తడిసింది. సూదులకి తుప్పు పడుతుందని సంచి లోపల గుడ్డతో తుడుచుకుంటూ ఉండగా పిలుపు వచ్చింది.

సేఠ్ గోవర్ధన్‌లాల్ ముందువాకిట్లో తొందర తొందరగా తిరుగుతున్నాడు. నలభై దాటిన మనిషి, తల్లి ఎదురుగా మాత్రం బడిపిల్లాడిలా ఉన్నాడు. అరుగు మీద ముక్కాలిపీట వేసుకుని, చేతికర్రకి గడ్డం ఆనించి ఆవిడ కూర్చుంది. తెల్లచీర, చిన్న మనిషి. ఇంట్లో అందరూ మాజీ అంటారు, అంటే అమ్మగారు.

"ఇతనేనా కుట్టేవాడు?" అంది హిందీలో.

"ఇతనే మాజీ. మా షెడ్డులో ఎప్పట్నుంచో పని చేస్తున్నాడు. సీటు అంతా రెగ్జినే అని..."

"నిన్ను అడగలేదు," అంది ఆవిడ. మల్లేశ్వరరావు నోరు మూశాడు. ఆవిడ దానయ్య వంక చూసింది. "నువ్వు చెప్పు. ఆ సీటు దేనితో చేసింది?"

దానయ్య నోరు తెరిచాడు. మల్లేశ్వరరావు చూపు మెడ మీద తేనెటీగలా వాలి ఉంది. సేఠ్ చేతిగడియారం చూసుకుంటున్నాడు. "అంచు విప్పి, తిరగేసి చూసి సెప్పాలి మాజీ," అన్నాడు.

"అయితే విప్పు. నా ఎదురుగా."

కారులోంచి సీటు మెత్త ఎత్తి తెచ్చి, వాకిట్లో గోనెపట్టా మీద బోర్లించాడు దానయ్య. సేఠ్ కాసేపు చూసి, "మనం లోపల చాయ్ తాగుదాం, రండి రావ్‌జీ," అని మల్లేశ్వరరావుని తీసుకెళ్లాడు. మల్లేశ్వరరావు గడపలో వెనక్కి తిరిగి ఒకసారి చూశాడు. చాయ్‌కి పిలిచిన ఇంట్లో కాదనలేడు. లోపలికి వెళ్లాడు.

దానయ్య చిన్నమేకుల కింద, తోలుకి కన్నాలు పొడిచే ఆరె దూర్చి ఒక్కొక్కటే లేపాడు. దొరల కాలం మేకులు, తుప్పు పట్టి చెక్కలో పళ్లలా దిగిపోయి ఉన్నాయి. విరగ్గొట్టకుండా తీసి తలగుడ్డ అంచులో మూటకట్టుకున్నాడు. అంచు వదులయ్యాక, ముఖమూ వీపూ కలిసిన కుట్టు దగ్గర రెండింటినీ తిరగేశాడు. ఒకవైపు పిల్లి చెవి లోపలిలా మెత్తని నూగు. ఇంకోవైపు గళ్లుగళ్లుగా నేత. ఒకే దారం, ఒకే కుట్టు, అటు గొడ్డు, ఇటు పత్తి. పైనుంచి ఎవరూ పోల్చుకోలేనట్టు ఒకే రంగు వేశారు. కుట్టినవాడెవడోగాని మంచి పనివాడు.

కర్ర చప్పుడు దగ్గరయింది. మాజీ తానే పీట ఈడ్చుకుంటూ అరుగు అంచుకి వచ్చి, పైనుంచి వంగి చూస్తోంది.

"ఏమిటి?" అంది.

దానయ్య రాత్రంతా రెండు మాటలూ నోట్లో తిప్పుకున్నాడు. ఏది బయటికి వస్తుందో అతనికే తెలియలేదు. ఇప్పుడు వేళ్ల మధ్య ఆ నూగు తగులుతుంటే ఇంకో మాట రాలేదు.

"తోలే మాజీ. కూకునే మేర అంతా తోలు. ఈపూ పక్కలూ గుడ్డ. ఈ బళ్లకి అలగే కుట్టేవోరు."

చెప్పి తల వంచుకున్నాడు. అరుస్తుందనుకున్నాడు. కొడుకుని పిలుస్తుందనుకున్నాడు.

"ఎందుకు చెప్పావు?" అంది ఆవిడ.

దానయ్యకి అర్థం కాలేదు. "తవరే గదా మాజీ అడిగినారు."

"కాదని చెప్తావని అడిగాను." ఆవిడ కర్రతో అరుగు మీద ఒక్క పోటు పొడిచింది. అది కోపమో మరొకటో తెలియలేదు. "బండి వచ్చి వాకిట్లో ఆగినరోజే నాకు తెలుసు అది ఏమిటో. తలుపు తీసీ తియ్యగానే తెలుసు. నా కొడుకు గుడ్డ అన్నాడు. వాడికేం తెలుసు? వాడి మాట పట్టుకుని కూర్చోబుద్ధి కాలేదు. తెలిసినవాడు ఒకడు కాదంటే, తెలిసినవాడే కాదన్నాడు కదా అని కూర్చుందామనుకున్నాను. నువ్వు అవునన్నావు. చెవులతో విన్నాక ఇప్పుడెలా కూర్చోను?"

గోశాలలో ఆవు గంట కదిలింది. దానయ్య చేతిలో మెత్త అంచు ఇంకా తెరిచే ఉంది.

"నిన్న రాజిమ్ నుంచి మనిషి వచ్చాడు," అందావిడ, ఈసారి అతనితో కానట్టు. "మా చెల్లెలు జమున అన్నం మానేసిందిట. నా పేరే పిలుస్తోందిట."

"రేపెప్పుడో తెలిస్తే సేఠ్‌జీ నన్ను బతకనివ్వరు మాజీ. అందుకే సెప్పీసినాను. మరే కారనం నేదు."

ఆవిడ తల ఊపింది. అతని భయం తనకి తెలిసిందేనన్నట్టు, దానిమీద తనకి తప్పుపట్టే పని లేదన్నట్టు ఊపింది. కర్ర మీద రెండు చేతులూ వేసుకుని వాకిలి అవతల ఎక్కడో చూస్తూ ఉండిపోయింది. కర్ర మీద చేతివేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ముసలివేళ్లు, ముడతలుపడి, గోళ్లు అరిగి ఉన్నాయి. ఆ వేళ్లని చూస్తూ ఎంతసేపు కూర్చున్నాడో దానయ్యకి తెలియదు. లోపల కప్పులు కింద పెట్టిన చప్పుడయ్యింది.

అతను అంచు మడిచాడు. తలగుడ్డ మూట విప్పి మేకులు తీసి, పాతకన్నాల్లోనే ఒక్కొక్కటే పెట్టి సుత్తితో కొట్టసాగాడు.

సేఠ్ పళ్లు కుట్టుకుంటూ బయటికి వచ్చాడు. "ఏం తేలింది మిస్త్రీ?"

దానయ్య ఆఖరి మేకు కొట్టి లేచి నిలబడ్డాడు.

"గుడ్డే సేఠ్‌జీ. మంచి రకం. అందుకే తోలులా కనిపిస్తాది."

మాట గొంతులో అడ్డం పడలేదు. అంత తేలిగ్గా వచ్చినందుకే అతనికి భయం వేసింది. మల్లేశ్వరరావు గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు. మాజీ అతని వైపు చూడలేదు. "రేపు పొద్దున్నే బయల్దేరతాను," అని కొడుకుతో అని, కర్ర పట్టుకుని లేచింది.

మర్నాడు దానయ్య పనికి వెళుతూ లెవెల్ క్రాసింగ్ దగ్గర ఆగాడు. గేటు వేసి ఉంది. వాల్తేరు పాసింజరు ఆలస్యంగా, ఈసురోమంటూ పోతోంది. ఎడ్లబళ్ల మధ్య నల్ల కారు ఆగి ఉంది. వెనకసీట్లో మాజీ ఒక్కతే కూర్చుంది. వీపు ఆనించకుండా, పీట మీద కూర్చున్నట్టే నిటారుగా. కుడిచెయ్యి మాత్రం పక్కన సీటు మీద ఆనించి ఉంది. అరచెయ్యి మొత్తం, వేళ్లు విడదీసి. రైలు వెళ్లిపోయి గేటు లేచేదాకా ఆ చెయ్యి అక్కడినుంచి తీయలేదు. అతన్ని చూసిందో లేదో తెలియదు. కారు కదిలి, దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లకి సూరమ్మ మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. సేఠ్ పిన్నిగారు పోయారని మిల్లు మూసేశారు. "ముసలమ్మ ఎళ్లి సూసొచ్చింది గదా, ఆ మట్టుకు నయం," అంది. దానయ్య ఊఁ అన్నాడు.

మైలరోజులు గడిచాయో లేదో సేఠ్ ఇంటినుంచి మనిషి షెడ్డుకి వచ్చాడు. మల్లేశ్వరరావునీ, కుట్టేవాణ్ణీ వెంటనే రమ్మన్నారని. వచ్చినవాడి ముఖం చూస్తే అడగడానికి ఏమీ లేదు.

జరిగింది చిన్న సంగతి. పరామర్శకి నాగపూర్ నుంచి ఒక మోటారు వ్యాపారి వచ్చాడు. వెళ్లేముందు కారు చూసి, సీటు నిమిరి, "ఇది అసలు తోలు సేఠ్‌జీ! ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఎప్పుడూ ఇది మార్చకండి," అని మెచ్చుకుని పోయాడు.

ముందువాకిట్లో మునీం, ఇద్దరు పనివాళ్లు, పురోహితుడు నిలబడి ఉన్నారు. ఈసారి దానయ్యని వెనకసందులోంచి రమ్మనడం ఎవరికీ గుర్తులేదు. సేఠ్ ముఖం ఎర్రబడి ఉంది. పిన్నికి కొడుకులు లేక తనే కర్మకాండ చేసి గుండు చేయించుకున్న తల మీద చెమట మెరుస్తోంది.

"మా అమ్మని గొడ్డుతోలు మీద కూర్చోబెట్టి పంపారు. అదీ పోయే మనిషిని చూడ్డానికి! ఎవరు చేశారీ పని? నువ్వా రావ్‌జీ?"

"నాకేం తెలుసు సేఠ్‌జీ!" మల్లేశ్వరరావు రెండు చేతులూ జోడించాడు. "మోటారు గురించి నేను చెప్పగలను. తోలు సంగతి వీడి పని. వీడే కదా అందరి ఎదుటా గుడ్డ అన్నాడు. మీరు విన్నారు కదా!"

అందరూ దానయ్య వైపు తిరిగారు.

"ఏరా? తెలిసే చెప్పావా?"

దానయ్య అరుగు వైపు చూడలేదు. మాజీ అక్కడ కూర్చుని ఉందని చూడకుండానే తెలుసు. తెలిసే చెప్పానంటే ఏమవుతుందో తెలుసు. ఎవరికోసం చెప్పాడో బయటపెడితే ఏమవుతుందో కూడా తెలుసు. మిగిలింది ఒక్కటే మాట.

"తెలీక సెప్పినాను సేఠ్‌జీ. పోల్చుకోలేకపోయినాను. ముసలోణ్ణయిపోయినాను, కళ్లు కనపడ్డం నేదు. తోలుకీ గుడ్డకీ తేడా నాకు తెల్లేదు."

చెంప మీద దెబ్బ పడింది. కొట్టింది సేఠ్ కాదు, మల్లేశ్వరరావు. "వెధవా! ఇన్నేళ్లు నా దగ్గర తింటూ తోలేదో గుడ్డేదో తెలీదా నీకు! పని రానివాడివి పని రాదని ఏడవొచ్చుగా!" అని మళ్లీ చెయ్యెత్తాడు. ఆ కళ్లల్లో కోపం లేదు. బతిమాలుకోవడం ఉంది. దానయ్యకి అది కనిపించింది. రెండో దెబ్బ కూడా తప్పించుకోలేదు.

"ఆపు."

మాజీ లేచి నిలబడి ఉంది. కర్ర లేకుండా, అరుగు స్తంభం పట్టుకుని.

"అతనికి తేడా తెలుసు. నాతో చెప్పాడు. మీరిద్దరూ లోపల చాయ్ తాగుతున్నప్పుడు అంచు విప్పి, ఇది తోలు, ఇది గుడ్డ అని చూపించి మరీ చెప్పాడు. నేను తెలిసే కూర్చున్నాను."

సేఠ్ తల్లి వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. "అమ్మా! నువ్వా?"

"వెళ్లేటప్పుడూ తెలుసు. వచ్చేటప్పుడూ తెలుసు." ఆవిడ పురోహితుడి వైపు తిరిగింది. "ఏం చెయ్యాలో చెప్పండి పండిత్‌జీ, ఉపవాసాలో, స్నానాలో. చేస్తాను. ఇతని చేత మాత్రం పని తెలీదని అనిపించకండి. అది నేను వినలేను."

పురోహితుడు గొంతు సవరించుకుని, పంచగవ్యం అని ఏదో అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. మునీం నేల చూపులు చూస్తున్నాడు. మల్లేశ్వరరావు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియనట్టు మెల్లగా దించుకున్నాడు.

సేఠ్ దానయ్యతో, "ఆ ముఖం అంతా ఊడదీసెయ్. ఇక్కడే. తీసుకుపోయి ఎక్కడైనా పాతిపెట్టు," అన్నాడు. గొంతులో ఇందాకటి మంట లేదు. లోపలికి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. మల్లేశ్వరరావు దానయ్య పక్కనుంచి పోతూ, ముఖం చూడకుండా, "రేపట్నుంచి షెడ్డుకి రావద్దు. ఇంక నా వల్ల కాదు," అన్నాడు.

దానయ్య సీటు బయటికి తెచ్చి గోనెపట్టా మీద పెట్టుకుని కూర్చున్నాడు. చెంప చుర్రుమంటోంది. పారేసే తోలే అయినా అతని చేతులు చింపడానికి ఒప్పుకోలేదు. కుట్టు కుట్టే తెంపాడు. కొన్ని వారాల కిందట తను వేసిన కొత్త దారం దగ్గరికి వచ్చేసరికి అది గట్టిగా పట్టుకుని ఉంది. దాన్నీ తెంపాడు.

మాజీ అరుగు అంచునే కూర్చుంది. ఎవరూ ఆవిణ్ణి లోపలికి రమ్మనలేదు. ప్రాయశ్చిత్తం అయ్యేదాకా వంటింటి గడప తొక్కకూడదు కాబోలు.

"నాకెలా తెలిసిందని నువ్వు అడగలేదు," అంది కాసేపటికి.

దానయ్య తల ఎత్తాడు.

"ధమ్తరిలో మా నాన్నది కరక్కాయల వ్యాపారం. అడవినుంచి బళ్ల మీద వచ్చేవి. పచ్చితోళ్లని కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఊనేవాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చి కొనుక్కునేవాళ్లు. కొన్ని ఓడల మీద విలాయతు కూడా వెళ్లేవి. గోదాంలో మాల్ చూసుకుంటూ వాళ్లు ఊనిన తోళ్లు కూడా అక్కడే పరిచేవాళ్లు. మేం ముట్టుకోకూడదు. నేనూ జమునా బస్తాల వెనక దాక్కుని చూసేవాళ్లం. ఎవరూ లేనప్పుడు జమున వేలు పెట్టి ముట్టుకునేది. నన్ను కూడా ముట్టుకోమనేది. నేను ముట్టుకునేదాన్ని కాదు."

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆరోజు రాజిమ్‌లో మంచం మీద కూర్చుని దాని తల ఒళ్లో పెట్టుకున్నాను. కళ్లు కనపడ్డం లేదు దానికి. మాట కూడా అయిపోయిందన్నారు. నా చీర మీద ముఖం పెట్టి వాసన చూసింది. చూసి, నవ్వింది. 'అక్కా, నాన్న గోదాంలోకి వెళ్లొచ్చావా?' అంది. అందరూ సంధిలో మాట్లాడుతోందనుకున్నారు."

దానయ్య చేతిలో ఆరె ఆగిపోయింది. ఆవిడ ఏడవడం లేదు. ఎండ పడుతున్న వాకిలివైపు చూస్తూ, ఎవరో చెప్పినదాన్ని మళ్లీ వింటున్నట్టు ఉంది.

"నీ మాట మీద కూర్చుని వెళ్లాను," అంది. "తోలన్నావే, ఆ మాట మీద."

దానయ్య తోలు చుట్ట చుట్టి, దారంతో కట్టి, పక్కన పెట్టాడు. లోపలి వెంట్రుకలు ఎండకి, గాలికి పాడవకుండా మెత్తమీద గోనె కప్పాడు. లేచి ఆవిడకి దణ్ణం పెట్టాడు. ఆవిడ కూడా చేతులు జోడించింది. అరుగు మీద కూర్చున్నదల్లా, ఎదుటివాడు ఎవరో మర్చిపోయినట్టు, రెండు చేతులూ జోడించి అలాగే కాసేపు ఉంచింది.

రైలుపట్టాలు దాటి ఇంటికి వచ్చేసరికి సూరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. మిల్లులో కబురు అప్పటికే అందినట్టుంది. చెంప మీద వేళ్ల అచ్చులు చూసింది. చంకలో చుట్ట చూసింది.

"పనికెళ్లక్కర్లేదు రేపట్నుంచి," అన్నాడు దానయ్య.

"ఇన్నాను."

అతను సంచి కింద పెట్టి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాళ్లు చాపుకోడానికి కూడా ఓపిక లేనట్టు ఉన్నాడు. సూరమ్మ నీళ్లలో గుడ్డ ముంచి పిండి తెచ్చి, చెంప మీద అద్దింది.

"ఏటని సెప్పినావు మరి, అందరి ముందూ?"

"నాకు పని తెల్దని సెప్పినాను."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఒప్పుకున్నారేటి?"

"అందరూ ఒప్పీసుకున్నారు." దానయ్య కళ్లు మూసుకున్నాడు. తడిగుడ్డ చల్లదనం దవడ కిందికి దిగుతోంది. "ముసలమ్మ ఒప్పుకోనేదు."